చిన్న పిట్టల ఫోటోలు: లోపం లెన్సుదా, దూరానిదా?

చిగురుకొమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కొంగలు, గద్దలు, బాతులు వంటి పెద్ద పక్షులను ఫోటో తీయడం నాకు ఓ మాదిరిగా అలవాటైంది. నా దగ్గరున్న 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 100–400 ఎంఎం జూమ్ లెన్సు వాటి విషయంలో నన్ను నిరాశపరచలేదు. ఈ మధ్య మనసు చిన్న పిట్టల మీదికి మళ్లింది. తేనెపిట్ట, కుట్టుపిట్ట, పొదల్లో ఆకుల కింద పురుగులు ఏరుకుంటూ క్షణమైనా నిలవని ఆకుపచ్చ పిట్టలు, వీటి దగ్గరికి వచ్చేసరికి అదే కెమెరా, అదే లెన్సు, అదే చెయ్యి అయినా ఫలితం మాత్రం చెప్పుకునేలా ఉండడం లేదు.

పిట్ట ఫ్రేములో చుక్కంత కనిపిస్తుంది; కత్తిరించి పెద్దది చేస్తే ఈకలు పోయి ముద్ద మిగులుతుంది. ఫోకస్ పిట్ట కంటిమీద కాక దాని ముందున్న రెమ్మ మీదనో, వెనకున్న ఆకుల మీదనో పడుతోంది. ఎండలో నీలంగా, ఊదాగా మెరిసిపోయే మగ తేనెపిట్ట నా ఫోటోల్లో మాత్రం బొగ్గుముక్కలా వస్తోంది. 600 ఎంఎం లెన్సు కొంటే ఇవన్నీ తీరిపోతాయని కొందరు, పిట్ట కూతను ఫోనులో వినిపిస్తే అదే దగ్గరికి వస్తుందని ఇంకొందరు అంటున్నారు.

ఇవి కాక అసలు సందేహం ఒకటుంది. మనకు తెలిసిన ప్రతి పిట్టకూ ఇప్పటికే వేలకొద్దీ మంచి ఫోటోలు ఉన్నాయి. అలాంటప్పుడు ఇంత శ్రమపడి మరొకటి తీసి సాధించేది ఏమిటి? అనుభవమున్నవారు దీనికి కూడా జవాబు చెబితే సంతోషిస్తాను.

మంచెమీద:

చిగురుకొమ్మ గారూ, లెన్సు సంగతి తేల్చుకునే ముందు చిన్న లెక్క వేసి చూద్దాం. పది సెంటీమీటర్ల పిట్ట 10 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 400 ఎంఎం లెన్సుతో సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద దాని బొమ్మ దాదాపు 4 మిల్లీమీటర్లు పడుతుంది. సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు కనుక ఇది అందులో తొమ్మిదో వంతు; మీ కెమెరా లెక్కలో ముక్కు నుంచి తోక దాకా సుమారు 700 పిక్సెళ్లు. 600 ఎంఎం పెడితే బొమ్మ 6 మిల్లీమీటర్లు దాటుతుంది. అదే 400 ఎంఎం లెన్సుతో పిట్టకు 5 మీటర్ల దూరంలో ఉండగలిగితే బొమ్మ 8 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే ఎంతో ఖర్చుపెట్టి కొన్న లెన్సు ఇచ్చే లాభం కంటే దూరాన్ని సగానికి తగ్గించడం వల్ల వచ్చే లాభమే ఎక్కువ. పైగా మధ్యలో ఉన్న గాలి కూడా సగమవుతుంది. ఎండెక్కిన తరువాత నేల నుంచి లేచే వేడి సెగ ఫోటో అంచులను కరిగించేస్తుంది, ఎంత గొప్ప లెన్సైనా దానిని సరిదిద్దలేదు.

అయితే దూరం తగ్గించడమంటే పిట్ట వైపు నడవడం కాదు. మనిషి తన వైపే చూస్తూ తిన్నగా వస్తున్నాడంటే పిట్ట దృష్టిలో అది వేటే. పిట్ట ఎక్కడికి రాబోతోందో కనిపెట్టి, అది రాకముందే అక్కడ కూర్చొని ఉండడం ఇందులోని పని. గాలిలో పురుగులను పట్టే పిట్టలు చాలావరకు ఒకే కొమ్మ మీద వాలి, ఎగిరి పురుగును అందుకొని, మళ్లీ అదే కొమ్మకు వస్తాయి. తేనెపిట్ట ఒక పూలగుత్తిలో తేనె తాగి వెళ్లిపోయినా, పూలు వాడేవరకు మళ్లీమళ్లీ ఆ గుత్తి దగ్గరికే వస్తుంది. నీళ్లున్న చోట పిట్టలన్నీ తిన్నగా నీటిలో దిగవు. ముందు పక్కనున్న పొదలో ఒక కొమ్మ మీద ఆగి అటూఇటూ చూసుకుంటాయి. ఆ కొమ్మ ఏదో తెలిస్తే మీ పని చాలావరకు అయినట్టే. కాబట్టి మొదట్లో కొన్నాళ్లు కెమెరా సంచిలోనే ఉంచి, బైనాక్యులర్‌తో చూస్తూ, ఏ పిట్ట ఏ వేళకు ఎటు నుంచి వస్తోందో రాసుకోండి.

మాటు అనగానే పెద్ద గుడారం అక్కరలేదు. చెట్టు మొదలుకు ఆనుకొని, మీ ఆకారం ఆకాశం మీద గీతలా కనబడకుండా, పిట్ట కంటి ఎత్తుకు దగ్గరగా లెన్సు ఉండేలా కూర్చుంటే చాలు. బట్టల రంగు కంటే చేతుల కదలికే పిట్టలను ఎక్కువగా బెదరగొడుతుంది. ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ కీర్టన్, చెర్రీ కీర్టన్ సోదరులు 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో పక్షులను ఫోటో తీయడానికి బోలుగా చేసిన ఎద్దు బొమ్మలో దాక్కొనేవారు. అంత బరువైన కెమెరాలతో, వెలుతురును అంత నెమ్మదిగా గ్రహించే గాజు ప్లేట్లతో వారు ఫలితాలు రాబట్టారంటే అందులో సామగ్రి పాలు ఎంతో, మాటు పాలు ఎంతో ఊహించవచ్చు.

ఒక హెచ్చరిక. దగ్గరికి వచ్చేకొద్దీ ఫోకస్‌లో ఉండే లోతు ఆశ్చర్యంగా తగ్గిపోతుంది. మీ లెన్సు 400 ఎంఎం దగ్గర, ఎఫ్ 5.6 అపర్చర్‌తో (వెలుతురు వచ్చే రంధ్రం కొలత; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) 5 మీటర్ల దూరంలో దాదాపు 5 సెంటీమీటర్ల లోతు ఇస్తుంది. 3 మీటర్లకు వస్తే అది 2 సెంటీమీటర్లకు కాస్త తక్కువే. అంటే పిట్ట మీకు ఎదురుగా తిరిగి కూర్చుంటే కన్ను స్పష్టంగా ఉండి, తోక మసకబారుతుంది. అది పక్కకు తిరిగి, దాని ఒళ్లు సెన్సర్‌కు సమాంతరంగా వచ్చేవరకు ఆగండి. తల మాత్రం కొద్దిగా మీ వైపు తిప్పితే అంతకంటే కోరుకోవలసింది లేదు.

ఎండపొడ:

మంచెమీద గారి దూరం లెక్కతో నాకు పేచీ లేదు. ఫోకస్, వెలుతురు అనే రెండు విషయాలు మాత్రం విడిగా చెప్పుకోవాలి.

కంటిని గుర్తుపట్టే ఆటోఫోకస్ ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంది, బయట కొమ్మ మీద కూర్చున్న పిట్టకు అది బాగానే పనిచేస్తుంది. పొదలో మాత్రం దాన్నే నమ్ముకోవద్దు. పిట్ట ఫ్రేములో చిన్నదిగా ఉండి, ముందు రెమ్మలు అడ్డంగా ఉంటే కెమెరాకు కన్నూ, కాయా ఒకటే. అటువంటప్పుడు ఒకే ఫోకస్ పాయింటును, వీలైనంత చిన్నదాన్ని, పెట్టుకోండి. పిట్ట ఉన్నంత దూరంలోనే ఉన్న మరో కొమ్మ మీద ముందుగా ఫోకస్ చేసి ఉంచుకుంటే, పిట్ట కనిపించినప్పుడు లెన్సు ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతుక్కోదు. లెన్సు పక్కన ఫోకస్ దూరాన్ని పరిమితం చేసే మీట ఉంటే దానిని కూడా వాడండి.

షట్టర్ వేగం విషయంలో చాలామంది కూర్చున్న పిట్టే కదా అని 1/200 సెకనుకు దిగిపోతారు. లెన్సులోని స్టెబిలైజర్ మన చేతి వణుకును ఆపుతుందే గాని పిట్ట తల తిప్పడాన్ని ఆపదు. చిన్న పిట్ట తల కదలిక జారుతున్నట్టు ఉండదు. ఒక్క కుదుపులో ఒక వైపు నుంచి మరో వైపుకు మారుతుంది, ఆ రెండు కుదుపుల మధ్య మాత్రం తల నిశ్చలంగా నిలుస్తుంది. కనుక 1/1000 సెకను దగ్గర, చిన్న చిన్న బర్స్టులుగా (ఒక్క నొక్కుకు వరుసగా కొన్ని ఫ్రేములు) తీస్తే వాటిలో ఒకటైనా ఆ నిశ్చలమైన క్షణంలో పడుతుంది. ఎగిరేటప్పుడైతే 1/2000తో మొదలుపెట్టి, వెలుతురు ఇచ్చినంత పైకి వెళ్లండి. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెరుగుతుందని భయపడనవసరం లేదు. దానివల్ల వచ్చే గరుకు చుక్కలను, అంటే నాయిస్‌ను, తరువాత తగ్గించుకోవచ్చు, అదిరిన కంటిని ఏ సాఫ్ట్‌వేరూ నిజాయితీగా తిరిగి తేలేదు.

పిట్ట ఎగరబోయే క్షణాన్ని పట్టడానికి ఇప్పుడు మరో వెసులుబాటు ఉంది. బొత్తాన్ని సగం నొక్కి ఉంచినంతసేపూ కెమెరా ఫ్రేములను తాత్కాలికంగా దాచుకుంటూ, పూర్తిగా నొక్కగానే అంతకు ముందరి క్షణాలను కూడా కార్డులో రాస్తుంది. ఒలింపస్ 2016లో ప్రకటించిన ఇ-ఎం1 మార్క్ 2 కెమెరాలో దీనిని ప్రో క్యాప్చర్ పేరుతో తెచ్చింది; తరువాత ఇతర సంస్థల కెమెరాల్లోకీ వచ్చింది. సాధారణంగా దీనికి ఎలక్ట్రానిక్ షట్టర్ (కదిలే తెర లేకుండా సెన్సర్‌ను వరుసలవారీగా చదివే పద్ధతి) కావాలి. సెన్సర్‌ను నెమ్మదిగా చదివే కెమెరాల్లో వేగంగా కొట్టే రెక్కలు వంకర తిరిగినట్టు వస్తాయి. మీ కెమెరా ఏ తరహాదో ముందే పరీక్షించుకోండి.

ఇక మీ తేనెపిట్ట. దాని ఈకల్లో నీలం గాని, ఊదా గాని రంగుపదార్థంగా లేవు. ఈక తంతువుల్లో మెలనిన్ అనే నల్లని రంగుపదార్థం నిండిన అతి సూక్ష్మమైన పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటి మీద పడిన వెలుతురులో కొన్ని తరంగదైర్ఘ్యాలు మాత్రమే బలపడి ఒక నిర్ణీత కోణంలో వెనక్కి వస్తాయి. ఆ కోణంలో మీరు లేకపోతే మీకు చేరేది మెలనిన్ నలుపే. అందువల్ల సూర్యుడు మీ వీపు వెనుక, పెద్దగా ఎత్తు ఎక్కకుండా ఉన్న వేళ, పిట్ట తల తిప్పే వరకు ఆగాలి. ఒకే బర్స్టులో మొదటి ఫ్రేములో నల్లగా ఉన్న గొంతు మూడో ఫ్రేములో ఊదాగా వెలగడం మీరే చూస్తారు. వెనుక తెల్లటి ఆకాశం ఉంటే కెమెరా మోసపోయి పిట్టను ఇంకా నల్లబరుస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి రెండు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) పెంచండి. అన్నిటికంటే మేలు ఆకాశం వెనుక లేని కోణాన్ని వెతుక్కోవడం.

అలాగని ఎప్పుడూ సూర్యుణ్ణి వీపు వెనుకే పెట్టుకోమని నేను చెప్పను. మెరిసే ఈకలు లేని బూడిదరంగు పిట్టలకు పలుచని మబ్బు పట్టిన రోజు వెలుతురే అందం. కంటికింది సన్నని ఈకలు కూడా అందులో విడివిడిగా కనిపిస్తాయి.

చిగురుకొమ్మ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. తేనెపిట్ట నల్లగా రావడానికి కెమెరా సెట్టింగులే కారణమనుకున్నాను; ఇది కోణం సంగతని ఇప్పుడే తెలిసింది. కూత వినిపించడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. అలాగే గూడు దగ్గరైతే పిట్ట తప్పకుండా వస్తుంది కదా, దూరంగా నిలబడి తీస్తే తప్పేమిటి?

పాతగూడు:

చిగురుకొమ్మ గారూ, ఈ రెండింటి వెనుకా ఉన్నది ఒకే ఆశ: పిట్ట తప్పించుకోలేని చోట దానిని పట్టుకోవడం. అందుకే రెండింటికీ నా జవాబు వద్దనే.

మగపిట్ట ఫోనులో తన జాతి కూత విన్నప్పుడు మీ దగ్గరికి స్నేహంగా రావడం లేదు. తన హద్దులోకి మరో మగపిట్ట చొరబడిందనుకొని తరమడానికి వస్తోంది. కనబడని శత్రువు కోసం వెతుకుతూ అది తినే సమయాన్ని, శక్తిని ఖర్చుపెడుతుంది. పది గ్రాములైనా తూగని ప్రాణికి ఆ ఖర్చు చిన్నది కాదు. చలికాలపు రాత్రుల్లో కొన్ని చిన్న పిట్టలు తెల్లవారేసరికి ఒంటి బరువులో పదో వంతు దాకా కోల్పోతాయి, పగలంతా దానిని పూడ్చుకోవడమే వాటి పని. ఎక్కువమంది వచ్చే చోట్ల ఒకరి తరువాత ఒకరు అదే కూత వినిపిస్తుంటే ఏమవుతుందో ఆలోచించండి. గణన కోసం పరిశోధకులు నియమాల ప్రకారం కూత వినిపించడం వేరు, ఫోటో కోసం వినిపించడం వేరు.

గూటి విషయంలో ప్రమాదం మనం నిలబడిన దూరంతో తీరేది కాదు. మనం తొక్కిన గడ్డి, పక్కకు వంచిన రెమ్మ గూటికి దారి చూపిస్తాయి. కాకులు, పిల్లులు, పాములు మనకంటే శ్రద్ధగా గమనిస్తాయి. ఫోటోకు అడ్డొచ్చిందని ఒక ఆకు తుంచితే గూటి మీద ఎండ పడుతుంది, పిల్లలకు ఆ ఎండ కొద్దిసేపైనా ప్రాణాంతకమే. తల్లిపిట్ట నోట పురుగు పట్టుకొని కూడా గూటిలోకి వెళ్లకుండా కొమ్మ మారుస్తూ ఉంటే, లేదా ఒకే రకమైన పొడి కూతను ఆపకుండా కూస్తుంటే, మీరు ఉండకూడని చోట ఉన్నారని అర్థం. ఆ క్షణమే వెనక్కి తగ్గాలి, ఇంకొక్క ఫ్రేము అనుకోకూడదు. చాలా దేశాల్లో గూళ్ల దగ్గర పక్షులను కలవరపెట్టడం చట్టరీత్యా నేరం కూడా.

నీళ్లు పెట్టడాన్ని మాత్రం నేను అంత కఠినంగా చూడను. లోతులేని పళ్లెంలో శుభ్రమైన నీరు, పక్కన వాలడానికి ఒక ఎండుకొమ్మ, పిల్లి పొంచలేని జాగా ఉంటే పిట్ట తన ఇష్టంతో వస్తుంది, ఇష్టంతో పోతుంది. పళ్లెం రోజూ కడగాలి. కడగని పళ్లేల దగ్గర జబ్బులు ఒక పిట్ట నుంచి మరో పిట్టకు అంటుకుంటాయి.

ఎండపొడ:

పాతగూడు గారితో ఏకీభవిస్తూనే ఒక మాట. ఫ్లాష్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. అమెరికా రసాయనాల సంస్థ డ్యూపాంట్‌కు అధ్యక్షుడిగా ఉంటూనే క్రాఫర్డ్ గ్రీన్‌వాల్ట్ 1950లలో అతివేగపు ఫ్లాష్‌తో హమ్మింగ్‌బర్డుల రెక్కలను గాలిలోనే నిలిపి చూపించారు. ఆ పిట్టల్లో కొన్ని సెకనుకు 50 సార్లకు పైగా రెక్కలు కొడతాయి కనుక ఆ కాలపు షట్టర్లతో అది అయ్యే పని కాదు. ఇవాళ్టి కెమెరాల్లో పగటి వెలుతురే చాలావరకు సరిపోతుంది. రాత్రివేళ, గూటి దగ్గర ఫ్లాష్ వాడవద్దు.

రెక్కలచప్పుడు:

చిగురుకొమ్మ గారి అసలు సందేహానికి ఇంకా జవాబు రాలేదు కనుక నేను ప్రయత్నిస్తాను.

ఒక జాతి పిట్టకు వేలకొద్దీ ఫోటోలు ఉన్నాయన్నది నిజమే. వాటిలో ఎక్కువభాగం కొమ్మ మీద పక్కకు తిరిగి కూర్చున్న మగపిట్టవే అన్నదీ నిజమే. ఆడపిట్టలు, ఈకలు మార్చుకుంటున్న పిట్టలు, మొదటి ఏడాది పిల్లలు, ఏదో ఒక పని చేస్తున్న పిట్టలు వాటిలో తక్కువ. మీ మగ తేనెపిట్టనే తీసుకోండి. ఊదారంగు తేనెపిట్టలో మగది గూళ్లు కట్టే కాలం ముగిశాక మెరుపు ఈకలు చాలావరకు రాల్చి ఆడపిట్టలా మారుతుంది, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లని చార మాత్రం మిగులుతుంది. ఆ మారే దశలో ఒకే పిట్టను వారం వారం తీసినవారికి కనిపించేది ఏ చిత్రాల సంపుటంలోనూ పూర్తిగా దొరకదు. అదే పిట్ట రెక్క మొదట్లో పసుపు, నారింజ రంగు ఈకల కుచ్చు ఒకటి దాచుకొని ఉంటుంది; ఆడపిట్ట ముందు రెక్కలు విప్పినప్పుడు తప్ప అది బయటపడదు. కంటితో చూసి దానిని నమ్మడం కష్టం, ఫోటోలో అది నిలిచి ఉంటుంది.

కుట్టుపిట్ట సంగతి ఇంకా బాగుంటుంది. అది మెడ సాచి గట్టిగా కూస్తున్నప్పుడు గొంతుకు ఇరువైపులా ఒక నల్లని మచ్చ కనిపిస్తుంది, కూత ఆగగానే మాయమవుతుంది. ఈకల కింద ఉన్న నల్లని చర్మం మెడ సాగినప్పుడు బయటపడడమే దానికి కారణం. ఆకులను కుట్టడానికి అది సాలెగూటి పట్టును, మొక్కల పీచును వాడుతుంది. ముక్కున ఆ పట్టు దారం వేలాడుతుండగా తీసిన ఒక్క ఫోటో గూటికి దూరంగా, ఎవరికీ ఇబ్బంది లేకుండా, దాని పని ఏమిటో చెబుతుంది. ముక్కులో ఉన్నది గొంగళిపురుగా, సాలీడా అన్నది పెద్దది చేసి చూస్తేనే తెలుస్తుంది, దానివల్ల ఆ పిట్ట ఏ ఋతువులో ఏం తింటోందో తేలుతుంది.

పొదల్లో తిరిగే ఆ ఆకుపచ్చ పిట్టలనైతే ఫోటో లేకుండా పేరుపెట్టి పిలవడమే కష్టం. రెక్క మీద లేత గీత ఒకటా, రెండా, కంటి పైచార ఎంత పొడవు, ముడిచిన రెక్క చివర ఎంత బయటికి వచ్చింది అన్న వివరాలతోనే ఒక జాతిని మరో జాతి నుంచి వేరు చేస్తారు. కొన్నిటికి కూత కూడా వినాలి. అక్కడ మసక ఫోటోకు కూడా విలువ ఉంది. 2002లో మొదలైన ఈబర్డ్, 2008లో మొదలైన ఐనేచురలిస్ట్ వంటి, చూసిన జీవులను ఎవరైనా నమోదు చేయగల ఆన్‌లైన్ వేదికల్లో తేదీ, స్థలంతో సహా పెడితే మీ ఫోటో ఒక ఆధారమవుతుంది. అక్కడ దానిని అందం చూసి ఎవరూ తూచరు. అరుదైన పిట్ట గూడు కట్టిన చోటైతే స్థలాన్ని దాచి పెట్టండి.

వ్యక్తిగతంగా నాకు దక్కినది మాత్రం ఫోటోల్లో లేదు. కెమెరా పట్టిన తరువాత నేను పిట్టలను జాతులుగా కాక విడివిడిగా గుర్తుపట్టడం మొదలైంది: ఈ నల్లంచి ఎప్పుడూ ఆ రాతి మీదే వాలుతుంది, ఆ పికిలిపిట్టకు తోకలో ఒక ఈక లేదు, ఇలా. దీనిని లాభమనాలో, అలవాటనాలో నాకు తేలలేదు గాని, మానుకోవాలని మాత్రం అనిపించలేదు.

మంచెమీద:

చివరగా 600 ఎంఎం గురించి మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను, ఎందుకంటే ఎంత వద్దన్నా మనసు అటే లాగుతుంది. కొనాలనే నిశ్చయిస్తే ముందు ఆ లెన్సు కనీస ఫోకస్ దూరం చూడండి. కొన్ని 600 ఎంఎం లెన్సులు 4 మీటర్ల కంటే దగ్గరగా ఉన్నదానిపై ఫోకస్ చేయలేవు. మాటులో కూర్చున్న మీ దగ్గరికి పిట్ట 3 మీటర్లలోకి వస్తే చూస్తూ ఉండిపోవాలి. ఎక్స్‌టెన్షన్ ట్యూబు (కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే బోలు గొట్టం) తగిలిస్తే ఆ దూరం కొంత తగ్గుతుంది గాని, దూరపు వస్తువుల మీద ఫోకస్ పోతుంది. మీ జూముకు సరిపడే 1.4 రెట్ల కన్వర్టర్ (లెన్సు వెనుక తగిలించి దాని ఎంఎం పెంచే చిన్న లెన్సు) ఉంటే 560 ఎంఎం చేతికొస్తుంది, బదులుగా ఒక స్టాపు వెలుతురు పోయి ఎఫ్ 5.6 కాస్తా ఎఫ్ 8 అవుతుంది. పొద నీడలో ఆ నష్టం బాగా తెలుస్తుంది. బరువు సంగతి లెన్సును ఒక గంటసేపు చేతిలో పట్టుకొని చూశాకే నిర్ణయించుకోండి, ఎందుకంటే ట్రైపాడ్ మీద పెట్టిన లెన్సు పొదలో కొమ్మ మారే పిట్ట వెంట తిరగడం కష్టం.